బూడిదరంగు గడి

"అమ్మా, ఆ ఉప్పు డబ్బా ఇటు జరపమని నీ చిన్నకోడలికి చెప్పు."

డబ్బా చిన్నకోడలి మోచేతి పక్కనే ఉంది. అడిగిన మనిషి, ఆమె బావగారు, ఎదురుగానే కూర్చుని ఉన్నారు. చెయ్యి చాపితే అందే దూరం. అయినా ఆ మాట బల్ల చివరనున్న అత్తగారి దాకా వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి రావాలి. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో మాటలు నడిచే దారి అదే.

"నన్ను పోస్టాఫీసు చేశారేంట్రా మీరు!" అంది అత్తగారు. "కళ్ళలో మందేసుకుని కదలకుండా పడుకోమన్నాడు డాక్టరు. మీ ఉత్తరాలు మొయ్యడానికే సరిపోతోంది నాకు."

చిన్నకోడలు డబ్బా జరిపింది. బావగారు దాన్ని ముట్టుకోలేదు. చప్పటి కూరతోనే గబగబా భోజనం ముగించి లేచారు.

"అడగడమెందుకు, వదిలెయ్యడమెందుకు?" అంది అత్తగారు.

"అడిగి తెచ్చుకున్నవేవీ నాకు కలిసిరావట్లేదమ్మా. అడిగి మరీ ఆఫీసులో పెట్టించాను కదా, నీ చిన్నకోడల్ని!"

వంటింట్లో గిన్నె ఒకటి ఠంగుమని సింకులో పడింది. అక్కడున్నది తోడికోడలు, బావగారి భార్య. ఆవిడ మాటలతో పోట్లాడదు. గిన్నెలతో పోట్లాడుతుంది.

చిన్నకోడలు డబ్బాని మళ్ళీ తన వైపుకి జరుపుకుంది. నోరు విప్పితే ఏం చెప్పాలి? ఆ బూడిదరంగు తను వెయ్యలేదని చెప్పాలి. మరెవరు వేశారని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఆమె మనసులో ఒక జవాబుంది. ఆ జవాబు బావగారి పక్క కుర్చీలోనే కూర్చుని, తల వంచుకుని, ఎవరి మొహమూ చూడకుండా భోంచేస్తోంది.

ఆమె భర్త.

బావగారిదీ ఆమెదీ ఒకే కంపెనీ. ఆసుపత్రులకి మందులు సరఫరా చేసే పెద్ద సంస్థ. అక్కడి వ్యవహారమంతా నడిపే ప్రోగ్రాము పాతికేళ్ళ నాటిది. ఎవరికి ఏది కావలసివస్తే అది అందులోనే కలుపుకుంటూ పోయారు. ఇప్పుడు ధరల లెక్కలో ఒక్క వరస మారిస్తే గోదాములో బండ్లు ఆగిపోతున్నాయి. ఎక్కడ ముట్టుకుంటే ఎక్కడ కూలుతుందో చెప్పగల మనిషి లేడు. దాన్ని విడగొట్టి కొత్తగా కట్టాలనుకున్నప్పుడు బావగారే డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, "మా మరదలుంది, ఒకసారి మాట్లాడి చూడండి" అన్నారు.

ఆమె పద్ధతి ఆమెది. కంప్యూటరు ముందు కూర్చోకముందు, పని చేసేవాళ్ళ ముందు కూర్చుంటుంది. ఏ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకుంటుంది. జరిగిన ఒక్కో సంగతికి ఒక్కో చీటీ రాయించి, వరసగా గోడకి అంటిస్తుంది. గోడ నిండేసరికి పనుల మధ్య హద్దులు కనబడటం మొదలుపెడతాయి. ఒక్కో హద్దు లోపలి పని ఒక్కో బృందానిది. దాని ప్రోగ్రాము దానిదే. పక్కవాళ్ళతో అవసరం పడితే తలుపు తట్టి అడగాలి, గోడ దూకి తెచ్చుకోకూడదు.

ఆ తర్వాత ఒక్కో పనికి ఒక్కో గడి చొప్పున పటం గీసి రంగులు వేస్తారు. ఈ కంపెనీ తప్ప ఇంకొకరు చెయ్యలేని పనికి ఎరుపు. అక్కడ సొంత మనుషులే ఉండాలి, అదీ ఉన్నవాళ్ళలో గట్టివాళ్ళు. దానికి ఆసరాగా నిలిచే పనికి పసుపు. జీతాలు, సెలవుల లెక్కలాగా ఎక్కడైనా ఒకేలా ఉండే పనికి బూడిదరంగు. అలాంటిది బయట తయారుగా దొరుకుతుంది, కొనేసుకుంటే సరిపోతుంది.

శుక్రవారం అందరి ముందూ తెర మీద పటం పడింది. ఆసుపత్రులు తిప్పి పంపిన మందుల సంగతి చూసే వాపసు విభాగం, బావగారు తన చేతుల మీద పెంచిన విభాగం, బూడిదరంగులో ఉంది.

బుధవారం ఆమె ఇంటికి బయల్దేరినప్పుడు అది ఎర్రగా ఉంది. గురువారం అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి సెలవు పెట్టింది. ఆ ఒక్క రోజులోనే రంగు మారింది. డైరెక్టరుని అడిగితే, "అది నిన్న తేలిపోయింది. సోమవారం కొనుగోలు ఖాయం చేస్తాం. పటం కింద మీ సంతకం కావాలి" అని కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ విభాగంలో పనిచేసేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఆమె మొహం చూశారు.

అదే సాయంత్రం ఆమె భర్త బూట్లు విప్పుకుంటూ అన్నాడు: "మీ కంపెనీ నుంచి మా వాళ్ళకి పిలుపొచ్చింది. వాపసుల ప్యాకేజీ ఉంటే వచ్చి చూపించమన్నారు."

అతని ఉద్యోగం తయారు ప్రోగ్రాములు అమ్మడం.

*

మధ్యాహ్నం గదిలో ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె అడిగింది. "గురువారం నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా ల్యాప్‌టాప్ తెరిచారా?"

అతను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వెంటనే తిరగలేదు. ఆ ఆలస్యాన్ని ఆమె గమనించింది.

"ఏం అడుగుతున్నావో తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే."

"నీ పటం నాకెందుకు? ఆ గీతల్లో ఒక్కటి అర్థమైతే కదా, దొంగతనం చెయ్యడానికి!"

"గీతలు అర్థం కాకపోవచ్చు. బూడిదరంగంటే మీకు బేరమని మాత్రం అర్థమవుతుంది. నేనే చెప్పాను."

అతను ఈసారి తిరిగాడు. "అన్నయ్య కూర్చున్న కుర్చీ లాగేసి, అందులో నా సరుకు పెడతాననుకున్నావా?"

"అనుకోకుండా ఉండాలంటే మీరేదైనా చెప్పాలి. నిన్నట్నుంచి మీరు నా మొహం చూడట్లేదు. అన్నయ్య మొహమూ చూడట్లేదు. పళ్ళెంతో తప్ప ఎవరితోనూ మాట్లాడట్లేదు."

అతను మడతపెట్టిన చొక్కా ఒకటి తీసి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. సరిగ్గా రాలేదు.

"మాట్లాడితే ఒకళ్ళ పరువు పోతుంది," అన్నాడు చివరికి.

"ఎవరిది?"

"అన్నయ్యది."

ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఇంత హడావుడిగా ఎందుకు పిలిచారని మా మేనేజరు మీ డైరెక్టరునే అడిగాట్ట," అన్నాడతను గొంతు తగ్గించి. "గురువారం సమావేశంలో అన్నయ్యే లేచి గోడ దగ్గరికి వెళ్ళాట్ట. వాపసుల కింద నువ్వంటించిన చీటీలు తన చేత్తోనే పీకేశాట్ట. 'మా మరదలు ముచ్చటపడి అంటించింది గానీ, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు. సరుకు తిరిగొస్తుంది, లెక్కలోకి ఎక్కుతుంది. రెండు చీటీలు చాలు' అన్నాట్ట. రెండు చీటీల పనికి ఎరుపెందుకని డైరెక్టరు రంగు మార్చేశాడు."

"బావగారా?"

"తన గొయ్యి తనే తవ్వుకున్నాడు. అమ్మ ముందు, వదిన ముందు ఆ మాట నేనెలా అనను?"

"నాతో అనొచ్చు కదా."

"అందామనే వచ్చాను. నువ్వు బట్టలు మడతపెడుతూ నాకు సోదా మొదలుపెట్టావు." అతను తలుపు దగ్గర ఆగాడు. "జేబులు కూడా చూసుకో. ఇంకా ఏమైనా దొరుకుతాయేమో."

అతను వెళ్ళిపోయాక ఆమె మంచం అంచున కూర్చుంది. భర్త మీద అనుమానం పోయింది. మనసు తేలికపడాలి కదా, పడలేదు. ఆ అనుమానం లేచి వెళ్ళి ఇంకో కుర్చీలో కూర్చుంది, అంతే.

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ భోజనాల దగ్గర బావగారి వాపసుల కబుర్లు వింటూనే ఉంది. గడువు దగ్గరపడ్డ మందుని ఏ ఆసుపత్రి త్వరగా వాడేస్తుందో ఆయన కాగితం చూడకుండా చెప్పేవారు. రెండు చీటీల పని కాదది. గోడంతా చాలని పని. తన పనిని చిటికెడంత చేసి చూపించే మనిషిని ఆమె ఆఫీసులో ఇంతవరకూ చూడలేదు. గోరంత ఉంటే కొండంత చెప్పేవాళ్ళే అందరూ.

పని గుట్టంతా కడుపులో దాచుకుంటే తనని ఎవరూ కదపలేరనుకున్నారా? చీటీల మీదికి ఎక్కించేస్తే ఇక తనతో పని ఉండదని భయపడ్డారా? అలాంటి భయం ఆమె చాలామందిలో చూసింది. కానీ వాళ్ళు చీటీలు రాయడానికి మొరాయిస్తారు. అంటించినవి పీకరు.

*

ఆదివారం పొద్దున్న అత్తగారు బల్ల మీద అరచేత్తో చరిచింది.

"ఇద్దరూ కూర్చోండి. ఎదురెదురుగా. ఇకనుంచి నేను ఉత్తరాలు మొయ్యను."

బావగారు కూర్చున్నారు. తల్లి మాట తీసేసే మనిషి కాదు. చిన్నకోడలు చీటీల కట్టా, పెన్నూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అమ్మా, ఇంట్లో కూడా దుకాణం తెరిచిందేంటి?" అన్నారాయన.

"బావగారూ, రంగు మార్చడం నాకు ఒక్క క్షణం పని," అంది చిన్నకోడలు. "కానీ రేపు డైరెక్టరు ఎందుకు మార్చావని అడుగుతాడు. ఆ ఎందుకన్నది నా దగ్గరుండాలి. అది మీరే చెప్పాలి."

"చెప్పాల్సింది గురువారమే చెప్పేశాను."

ఆ మాట ఆయన నోరు జారింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"గురువారం ఏం చెప్పారు?" తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది. చెయ్యి తడిగా ఉంది. "ఏవండీ, మిమ్మల్నే. గురువారం చెల్లి ఆఫీసుకే రాలేదు కదా? ఎవరికి ఏం చెప్పారు?"

చిన్నకోడలి భర్త పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తోడికోడలు భర్తని చూసింది, మరిదిని చూసింది, చిన్నకోడల్ని చూసింది. రెండు రోజులుగా గిన్నెలన్నీ ఎవరి మీద విసిరిందో, ఆ విసురు తగలాల్సింది ఎవరికో ఆవిడకి నెమ్మదిగా అర్థమవుతున్నట్టుంది. వచ్చి ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అడుగు చెల్లీ," అంది. "నేనూ వింటాను."

చిన్నకోడలు మొదటి చీటీ రాసింది: ఆసుపత్రి సరుకు తిప్పి పంపింది. బల్ల మీద ఒక చివర అంటించింది. రెండోది చాలా దూరంగా, ఇంకో చివర: లెక్కలోకి ఎక్కింది.

"మీ రెండు చీటీలు. మధ్యలో ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతుంది? బండి వెళ్ళి తెస్తుంది."

ఆమె రాసింది. "తెచ్చాక?"

"గడువు చూస్తాం."

"గడువు దగ్గరపడితే?"

"పడితే పారెయ్యం కదా!" బావగారు కొంచెం ముందుకి వంగారు. "అదే అందరూ పొరబడేది. పెద్ద ఆసుపత్రికి అక్కర్లేని మందు, రోగులు ఎక్కువొచ్చే చిన్న ఆసుపత్రిలో వారంలో అయిపోతుంది. ఎవరు ఎంత తొందరగా వాడతారో చూసి అక్కడికి మళ్ళిస్తాం. అది రాయి. ఆ, అలా కాదు, 'మళ్ళించారు' అని రాయి."

"వద్దన్నవాళ్ళ దగ్గర తెచ్చి కావాలన్నవాళ్ళకి అంటగడతావన్నమాట," అంది అత్తగారు కళ్ళు మూసుకునే. "సంబంధాలు కుదిర్చేవాడి పనేరా నీది."

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వారు. ఆయన నేరుగా మరదలితోనే మాట్లాడుతున్నారు, ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు.

చీటీలు బల్ల మీద పాకాయి. తయారుచేసినవాళ్ళే వెనక్కి పిలిచిన మందు ఏయే ఆసుపత్రులకి చేరిందో వెతకడం ఒక వరస. పొరపాటున ఎక్కువ పంపినవి ఒక వరస. దారిలో పగిలినవి ఇంకో వరస. తోడికోడలు టీ కప్పులు పక్కకి జరుపుతోంది. చిన్నకోడలి భర్త ఎప్పుడో పేపరు దించేశాడు.

"ఇది ఎక్కడా దొరకదు," అన్నాడతను మెల్లిగా. "మా ప్యాకేజీలో వాపసంటే ఒక్క మీట. నొక్కితే లెక్కలో పడుతుంది. అంతే."

"మరి?" అన్నారు బావగారు. ఆ ఒక్క ముక్కలో ఎన్నేళ్ళ గర్వముందో చిన్నకోడలికి వినబడింది. ఇంత గర్వమున్న మనిషి గురువారం ఆ చీటీలు ఎలా పీకారు?

"చల్లగా ఉంచాల్సిన మందులు మిగిలాయి," అంది.

"అవీ వస్తాయి. పెట్టెలో చిన్న యంత్రముంటుంది, దారిలో వేడెక్కితే దాని మీద తెలుస్తుంది. వేడెక్కితే నాశనం చేస్తాం. లేకపోతే మళ్ళీ అరలోకి."

మూడు చీటీలు. ఆమె మూడోదాన్ని అంటిస్తూ అడిగింది. "అన్ని పెట్టెల్లోనూ ఆ యంత్రం ఉంటుందా?"

"చిన్న ఆసుపత్రులకి పంపేవాటిలో ఉండదు. ఖర్చు."

"అవి తిరిగొస్తే?"

"అరలోకే."

చెప్పేసి ఆయన ఆగిపోయారు.

ఆమె రెండు చీటీల మధ్య ఉన్న ఖాళీ మీద వేలు పెట్టింది. "తిరిగొచ్చింది. అరలోకి వెళ్ళింది. మధ్యలో ఎవరు చూశారు?"

బావగారు కుర్చీలో వెనక్కి జరిగారు.

"ప్రోగ్రాము చూసుకుంటుంది."

"యంత్రం లేకుండా ప్రోగ్రాముకి ఎలా తెలుస్తుంది, బావగారూ?"

"తెలుస్తుంది. ఏదో ఉంటుంది. అదంతా పాత సంగతి."

"చూడకుండా పంపెయ్యమని ప్రోగ్రాముకి ఎవరు చెప్పారు?"

బల్ల మీది చీటీలు ఫ్యాను గాలికి అల్లాడుతున్నాయి.

చిన్నకోడలికి అప్పుడు లెక్క తేలింది. గడి ఎరుపులో ఉంటే ఆమె బృందం పాత ప్రోగ్రాము తెరుస్తుంది. ఒక్కో షరతూ బయటికి తీసి, ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతుంది. అడక్కుండా ఏదీ కొత్తదాంట్లోకి వెళ్ళదు. బూడిదరంగైతే ఎవరూ ఏదీ తెరవరు. బయట కొన్నది వచ్చి కూర్చుంటుంది. పాతది పాతగానే, దాని లోపల ఉన్నదాంతో సహా, చెత్తలోకి పోతుంది.

ఆయన భయపడింది తన పని పోతుందని కాదు. తన పని కనబడుతుందని.

మరి ఆ కోపం? ఉప్పు డబ్బా, ఎడమొహం, దెప్పిపొడుపులు, ఇదంతా ఎవరిని ఎటు చూడనివ్వకుండా చెయ్యడానికి?

"బావగారూ, అది మీరే పెట్టారా?"

"ఆ వేసవిలో..." అని ఆయన మళ్ళీ ఆగిపోయారు. "నువ్వు లేవు అప్పుడు. గోదాము నిండిపోయింది. ఆసుపత్రులు మందుల కోసం మొత్తుకుంటున్నాయి. పైనుంచి ఒకటే ఫోన్లు. నాలుగు రోజుల కోసం పెట్టాను. తీసేద్దామనుకున్నాను."

"తీశారా?"

ఆయన ఒక చీటీ మూలని గోటితో గీకారు.

"ఆ వేసవి నాకు గుర్తుంది," అంది తోడికోడలు. ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. "పళ్ళెం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయేవారు. ఏమైందంటే గోదాములో ఎండ అనేవారు. నేను ఊరుకున్నాను. మన పిల్లదాని జ్వరానికి మీ కంపెనీ మందు వద్దు, వేరేది తెస్తానని ఊరంతా తిరిగారు చూడండీ, అప్పుడు కూడా ఊరుకున్నాను."

అత్తగారు కళ్ళు తెరిచింది. మందు వేసిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరు ఎక్కడున్నారో సరిగ్గా కనబడక పెద్దకొడుకు గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఒరే. ఆ మందు వాడినవాళ్ళకి ఏమైనా అయిందా?"

"తెలీదమ్మా."

"తెలీదా, చూడలేదా?"

బావగారు చెయ్యి చాపి, రెండు చీటీల మధ్య ఉన్న ఖాళీ మీద అరచెయ్యి పరిచారు. అక్కడ ఇంకేమీ అంటించడానికి వీల్లేకుండా.

"ఇక్కడితో ఆపుదామమ్మా," అన్నారు మరదలితో. ఇప్పుడా గొంతులో కోపం లేదు. "బూడిదే ఉండనీ. నా ఉద్యోగం పోతే పోనీ. రేపు సంతకం పెట్టెయ్యి. ఇది మాత్రం రాయకు."

చిన్నకోడలు భర్త వైపు చూసింది. అతను అన్నయ్యని చూస్తున్నాడు.

తోడికోడలు లేచింది. కట్టలోంచి ఖాళీ చీటీ ఒకటి ఊడదీసి చిన్నకోడలి ముందు పెట్టింది. ఆ తర్వాత వంగి, బల్ల మీద పరిచి ఉన్న భర్త చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.